పేరు ఎవరి సొత్తు? డొమైన్ నామాలపై ట్రేడ్‌మార్కు హక్కు: ఒక విమర్శ

కల, కళ. ఈ రెండు మాటలకూ తెలుగులో అర్థం వేరు, ఉచ్చారణ వేరు, రాత వేరు. అక్షరాల కింద చుక్కలేవీ లేకుండా రోమన్ లిపిలో రాస్తే రెండూ ఒకటే అవుతాయి: కె, ఎ, ఎల్, ఎ. హిందీలో నలుపును చెప్పే మాటను రోమన్ లిపిలో రాసినా ఆ నాలుగక్షరాలే వస్తాయి. ఫిన్నిష్ భాషలో చేపకు పేరు కూడా అదే. ఇంటర్నెట్‌లో డాట్ కామ్ విభాగం కింద ఆ అక్షరాల వరుసకు ఉన్నది ఒకే చోటు. ఒకరు దానిని నమోదు చేసుకున్న మరుక్షణం తక్కిన భాషల్లోని తక్కిన మాటలకు ఆ తలుపు మూసుకుపోతుంది. అందువల్ల డొమైన్ నామాన్ని 'మాట' అనడం పొరపాటు. అది అక్షరాల వరుస మాత్రమే. ఆ వరుసలో ఎన్ని భాషల మాటలైనా తలదాచుకొని ఉండవచ్చు. ట్రేడ్‌మార్కు న్యాయం మాత్రం దానిని ఒకే భాషలోని ఒకే మాటగా, ఆ మాటను ఒకే వ్యాపారి సొత్తుగా చూస్తూ వచ్చింది. ఇంటర్నెట్ నామవ్యవస్థలో పాతికేళ్లుగా పేరుకుపోయిన అన్యాయానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ వివాదాలు న్యాయశాస్త్రానికి సంబంధించినవనీ, తెలుగు శాఖలకు వీటితో పనిలేదనీ ఒక అభిప్రాయం ఉంది. అయితే ఆ వివాదాల్లో నిర్ణేతలు తేల్చే ప్రశ్నలు ఏవో చూడాలి. రెండు పేర్లు చెవికి ఒకేలా వినబడుతున్నాయా? కంటికి ఒకేలా కనబడుతున్నాయా? ఫలానా మాట సామాన్య నామమా, విశేష నామమా? దాని అర్థం అవయవాల వల్ల వచ్చిందా, రూఢి వల్ల వచ్చిందా? ఇవన్నీ వ్యాకర్తలు, నైఘంటికులు శతాబ్దాలుగా చర్చించిన ప్రశ్నలు. వాటిని ఇతరులకు వదిలేసి, అది తమ రంగం కాదని తప్పుకోవడం వినయం అనిపించుకోదు.

మాట, సరుకు, హద్దు

ట్రేడ్‌మార్కు హక్కు పుట్టుకతోనే హద్దులున్న హక్కు. అది మాటను కాపాడదు, మాటకూ సరుకుకూ మధ్య ఏర్పడిన సంబంధాన్ని కాపాడుతుంది. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం ఒక దేశంలో నమోదైన ముద్ర మరో దేశంలోని ముద్ర నుంచి స్వతంత్రమైనది. దేశం ఒక హద్దయితే సరుకు మరో హద్దు. అంతర్జాతీయ వర్గీకరణ సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించింది. ఒక తరగతిలో ఒకరిదైన పేరు మరో తరగతిలో వేరొకరిది కావచ్చు. భారత ట్రేడ్‌మార్కుల చట్టం 1999లోని తొమ్మిదవ సెక్షన్ వాడుకభాషలో ఉన్న మాటలను నమోదు చేయకుండా సాధారణంగా అడ్డుపడుతుంది. ముప్పై అయిదవ సెక్షన్ ఏ మనిషి అయినా తన సొంత పేరును నిజాయితీగా వాడుకొనే స్వేచ్ఛను కాపాడుతుంది.

ఈ హద్దులు ఎంత విలువైనవో 2018లో సుప్రీంకోర్టు తేల్చిన 'నందిని' వివాదం చెబుతుంది. ఒకవైపు కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య, మరోవైపు ఆంధ్ర భోజనానికి పేరుపొందిన బెంగళూరు హోటళ్ల సంస్థ. పాలకూ హోటలుకూ ఒకే పేరు ఉండటం వల్ల జనం భ్రమపడరని, నందిని ఎవరో కల్పించిన మాట కాదని, పురాణాల్లో ఉన్న ఆవు పేరని కోర్టు గుర్తించింది. పాలు, పాల పదార్థాలను మినహాయించి ఆ పేరును హోటలు సంస్థ వాడుకోవచ్చని చెప్పింది. వసిష్ఠుని ఆవును ఇద్దరూ కట్టేసుకోనవసరం లేకుండా పోయింది. వీధిలో ఈ సర్దుబాటు సాధ్యమే. డొమైన్ నామాల్లో సాధ్యం కాదు. అక్కడ ఒక వరుసకు ఒకే యజమాని. దేశం లేదు, తరగతి లేదు. హద్దులున్న హక్కును హద్దుల్లేని చోటికి తీసుకుపోతే అది పెరిగి పెద్దదై, చట్టం ఏనాడూ ఇవ్వని ఆధిపత్యంగా మారుతుంది.

ఈ మార్పు దానంతట అది జరిగింది కాదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నామ వ్యవస్థను రూపొందించినప్పుడు ఉద్దేశం పరిమితమైనది. అంకెల చిరునామాలు గుర్తుపెట్టుకోవడం కష్టం కనుక కంప్యూటర్లకు పలకదగిన గుర్తులు కావలసివచ్చాయి. జాన్ పోస్టెల్ పర్యవేక్షణలో ముందు అడిగినవారికి ముందు ఇచ్చే పద్ధతి నడిచింది. 1995లో నమోదుకు రుసుము పెట్టడంతో పేరు సరుకైంది. 1998లో అమెరికా ప్రభుత్వ శ్వేతపత్రం ఈ వ్యవస్థను ఒక ప్రైవేటు లాభాపేక్షలేని సంస్థకు అప్పగించాలని నిర్ణయిస్తూనే, ట్రేడ్‌మార్కు వివాదాల పరిష్కారానికి సిఫారసులు చేయమని ప్రపంచ మేధోసంపత్తి సంస్థను కోరింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఐకాన్ ఏర్పడింది. 1999 ఏప్రిల్‌లో సిఫారసుల నివేదిక వచ్చింది. ఆ సంవత్సరాంతానికే ఏకరూప వివాద పరిష్కార విధానం అమలై, ఒక అమెరికన్ కుస్తీపోటీల సంస్థ తొలి ఫిర్యాదు దాఖలు చేసింది. ట్రేడ్‌మార్కు యజమానుల అవసరం ఏడాదిలో తీరింది. రోమన్ లిపి రానివారు తమ లిపిలో పూర్తి చిరునామా రాసుకొనే అవకాశం మాత్రం 2010 వరకు రాలేదు. తెలుగు లిపిలో 'భారత్' అనే అగ్రస్థాయి విభాగానికి మూలపట్టికలో చోటు దొరికింది 2011లో. ఏది తొందరపని, ఏది ఆగగల పని అని ఆ సంస్థ అనుకున్నదో ఈ తేదీలే చెబుతున్నాయి.

ట్రేడ్‌మార్కు పక్షం ప్రధానంగా చెప్పే ఉపమానం దుకాణం బోర్డు. వీధిలో ఇతరుల పేరుతో బోర్డు పెట్టడం తప్పయినప్పుడు ఇంటర్నెట్‌లో ఎలా ఒప్పవుతుందని ఆ పక్షం ప్రశ్న. ఉపమానం బాగానే ఉంది, ఉపమేయమే వేరు. ఒక ఊళ్లో ఎవరైనా బోర్డు పెట్టినంత మాత్రాన ప్రపంచంలో మరెవ్వరూ ఆ పేరుతో బోర్డు పెట్టలేని పరిస్థితి ఏ వీధిలోనూ లేదు. ఇంటిపేరు నిస్సాన్ అయిన ఒక చిన్న వ్యాపారి అమెరికాలోని నార్త్ కరొలినాలో కంప్యూటర్ల వ్యాపారం చేస్తూ 1994లో తన పేరుతో డాట్ కామ్ నమోదు చేసుకున్నాడు. 1999 చివరలో అదే పేరున్న మోటారు సంస్థ దావా వేసింది. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం తరువాత పేరు ఆయనకే మిగిలింది. ఆ పేరుతో వ్యాపారం చేసుకొనే స్వేచ్ఛ, న్యాయవాదులకు చెల్లించిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు. నిస్సాన్ అనేది యూదుల పంచాంగంలో ఒక మాసం పేరు కూడా. ఇంటిపేరుతోనే మనిషిని గుర్తించే తెలుగు సమాజానికి ఈ కథలోని అన్యాయం వివరించి చెప్పనక్కరలేదు.

భారత సుప్రీంకోర్టుకు ఈ తేడా తెలియకపోలేదు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే సంస్థ వేసిన వ్యాజ్యంలో 2004లో ఇచ్చిన తీర్పు, ట్రేడ్‌మార్కుకు దేశపు హద్దు ఉంటుందని, డొమైన్ నామానికి ఆ హద్దు లేదని స్పష్టంగా చెప్పింది. అంత చెప్పి, డొమైన్ నామం కూడా వ్యాపార గుర్తింపే కాబట్టి ముద్రల న్యాయమే దానికీ వర్తిస్తుందని ముగించింది. అక్కడ వివాదాస్పదమైన 'సిఫీ' కల్పిత పదం. దాని విషయంలో ఆ నిర్ణయం సమర్థనీయమే. కల్పించినవానికి కల్పించిన పదంపై కొంత హక్కు ఉండటాన్ని ఎవరూ కాదనరు. చిక్కు కల్పించనివాటితో వస్తుంది.

వాడుక చేసిన అర్థం

'నౌకరీ' అనే మాటను ఏ సంస్థా కనిపెట్టలేదు. అయినా 2002లో ఢిల్లీ హైకోర్టు, ఆ పేరుతో ఉద్యోగాల వెబ్‌సైటు నడుపుతున్న సంస్థ కోరికపై, ఒక్క అక్షరం తేడాతో అదే మాటను నమోదు చేసుకున్న పోటీదారును తాత్కాలికంగా నిలువరించింది. ఆ మాట వాడుక వల్ల ద్వితీయార్థాన్ని సంపాదించిందని కారణం చెప్పింది. 2016లో 'షాదీ' అనే మాటపై పెళ్లిసంబంధాల సంస్థ ఒకటి ఇటువంటి కోరికే కోరినప్పుడు బొంబాయి హైకోర్టు అంగీకరించలేదు. అది అందరూ వాడుకొనే వర్ణనాత్మక పదమని చెప్పింది. ఉద్యోగానికి ఒక న్యాయం, పెళ్లికి ఒక న్యాయం. రేపు 'కొలువు', 'పెళ్లిపందిరి' వంటి తెలుగు మాటలపై వివాదం వస్తే ఏ తీర్పు ప్రమాణమవుతుందో చెప్పడం కష్టం.

ద్వితీయార్థం అనే ఈ భావన తెలుగు పండితులకు కొత్తది కాదు. భారతీయ శాస్త్రం పదాలను రూఢాలు, యౌగికాలు, యోగరూఢాలు అని విభజించింది. అవయవార్థాన్ని బట్టి పంకజం బురదలో పుట్టినదేదైనా కావచ్చు. లోకం దానిని తామరకు పరిమితం చేసింది. ఆ పరిమితిని చేసినవారు ప్రయోక్తలు, అంటే భాష మాట్లాడే జనం. తామర వచ్చి ఆ మాటపై హక్కు కోరలేదు. ట్రేడ్‌మార్కు న్యాయంలో జరుగుతున్నది సరిగ్గా ఆ విడ్డూరమే. ఒక సామాన్య పదానికి ప్రత్యేకార్థాన్ని సంపాదించిపెట్టింది కోట్లాది మంది వాడుక. ఆ సంపాదన మీద హక్కు మాత్రం ప్రకటనలకు డబ్బు పెట్టినవానిది. జనం పలకడం వల్ల బలపడిన అర్థాన్ని చూపించి, ఆ జనాన్నే ఆ మాట నుంచి దూరం పెట్టడానికి ఈ సిద్ధాంతం దారి తీస్తున్నది.

2020లో అమెరికా సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. 'బుకింగ్' అన్న సామాన్య పదానికి డాట్ కామ్ తగిలిస్తే అది ముద్రగా నమోదు కావచ్చని, కొనుగోలుదారులు దానిని ఒక సంస్థ పేరుగా గుర్తిస్తున్నారా లేదా అన్నదే పరీక్ష అని తీర్పు చెప్పింది. ఇటువంటి ముద్రల బలం తక్కువని అదే తీర్పు అంగీకరించింది. బలం తక్కువైన హక్కుకైనా బెదిరింపు నోటీసు రాసే న్యాయవాది దొరుకుతాడు. నోటీసు అందుకున్న చిన్న వ్యాపారికి ఆ బలహీనతను నిరూపించుకునే స్తోమత ఉండదు.

తీర్పు చెప్పే పద్ధతి

ఏకరూప విధానం ప్రకారం ఫిర్యాది మూడు విషయాలు నిరూపించాలి. డొమైన్ నామం తన ముద్రకు సమానంగా గాని, భ్రమ కలిగించేంత దగ్గరగా గాని ఉండాలి. నమోదుదారుకు దానిలో న్యాయమైన హక్కు, ప్రయోజనం ఉండకూడదు. అతడు దురుద్దేశంతో నమోదు చేసి, దురుద్దేశంతో వాడుతూ ఉండాలి. పైకి ఇది నిష్పక్షపాతంగానే కనబడుతుంది. మొదటి అంశాన్ని పరిశీలించేటప్పుడు మాత్రం నిర్ణేతలు అక్షరాలతో అక్షరాలను పోల్చి చూస్తారు. ఏ సరుకు, ఏ దేశం అన్న విచారణ ఆ దశలో ఉండదు. అంటే ముద్రకు ప్రాణమైన సంబంధాన్ని గడప దగ్గరే విడిచిపెట్టి, ఉత్త మాటను లోపలికి తీసుకుపోతారు.

ఖర్చు సంగతి సరేసరి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కేంద్రంలో అయిదు పేర్ల వరకు ఒక్క నిర్ణేత విచారించే ఫిర్యాదుకు 1,500 డాలర్లు, ముగ్గురు నిర్ణేతలకు 4,000 డాలర్లు రుసుము. ముగ్గురు కావాలని ప్రతివాది కోరితే సగం తానే భరించాలి. జవాబుకు గడువు 20 రోజులు. ఓడిపోతే కోర్టుకు వెళ్లడానికి 10 పనిదినాలు. నమోదు ఒప్పందం ఏ భాషలో ఉంటే విచారణ సాధారణంగా ఆ భాషలోనే. ఆ ఒప్పందం తెలుగులో ఉండటం ఎంత అరుదో చెప్పనక్కరలేదు. ఒక బహుళజాతి సంస్థకు ఇవన్నీ కార్యాలయపు రోజువారీ పనులు. జగిత్యాలలోనో నూజివీడులోనో ఇంటిపేరు మీద చిన్న దుకాణం నడుపుకొనేవాడికి ఆంగ్లంలో వచ్చిన ఆ కాగితం అర్థమయ్యేసరికే గడువు సగం గడిచిపోతుంది. జవాబు రాకపోయినా విచారణ ఆగదు.

ఏ కేంద్రంలో ఫిర్యాదు చేయాలో ఎంచుకునేది ఫిర్యాది. కెనడా న్యాయశాస్త్ర ఆచార్యుడు మైకేల్ గైస్ట్ 2001లోనే దీని ఫలితాన్ని చూపించాడు. ముగ్గురు నిర్ణేతలున్న వివాదాల కంటె ఒక్కరే ఉన్న వివాదాల్లో ఫిర్యాదీల విజయాల పాలు చాలా ఎక్కువ. ఫిర్యాదీలను తక్కువగా గెలిపించిన ఈ-రిజల్యూషన్ అనే కెనడా కేంద్రం అదే ఏడాది చివర మూతపడింది. న్యాయస్థానాన్ని ఎంచుకొనే అధికారం ఒక పక్షానికే ఉంటే ఏ న్యాయస్థానం బతికిబట్టకడుతుందో దీనికంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. అక్రమంగా పేరు లాక్కోవడానికే ఫిర్యాదు చేశారని నిర్ణేతలు తేల్చిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఫిర్యాదికి పడే శిక్ష ఆ మాట తీర్పులో రాయడమే. జరిమానా లేదు, ప్రతివాది ఖర్చుల చెల్లింపు లేదు. అమెరికా చట్టంలో నమోదుదారుపై పేరుకు లక్ష డాలర్ల వరకు నష్టపరిహారం విధించవచ్చు. డాట్ కామ్ పట్టిక నిర్వాహకసంస్థ వర్జీనియాలో ఉన్నందున, నమోదుదారు ఏ దేశస్థుడైనా అందుబాటులో లేనప్పుడు అక్కడి కోర్టులో పేరు మీదనే దావా వేయవచ్చు.

దీనికి ఎదురుగా వినిపించే గట్టి వాదం మోసాల గురించి. ఆ వాదాన్ని తేలికగా తీసుకోకూడదు. తిరుమల దర్శనం టికెట్ల పేరిట, గదుల పేరిట నకిలీ వెబ్‌సైట్లు భక్తుల డబ్బు కాజేసిన సంగతి అందరికీ తెలుసు. దేవస్థానం పదే పదే హెచ్చరికలు జారీ చేయవలసివచ్చింది. బ్యాంకుల పేర్లతోనూ ఇదే జరుగుతున్నది. అయితే ఇక్కడ బాధితుడు ఎవరు? డబ్బు పోగొట్టుకున్న భక్తుడు. ఏకరూప విధానంలో అతనికి ఫిర్యాదు చేసే అర్హతే లేదు. ముద్ర ఉన్నవాడు మాత్రమే ఫిర్యాది కాగలడు. మోసాన్ని అరికట్టడానికి మోసాన్ని శిక్షించే చట్టాలు ఉన్నాయి. వాటిని వేగంగా, కఠినంగా అమలు చేయడం వేరు, మోసాన్ని సాకుగా చూపి మాటలపై యాజమాన్యాన్ని విస్తరించడం వేరు. తిరుపతి, బాలాజీ, శ్రీనివాస అనే పేర్లు ఊళ్లకు, మనుషులకు, దుకాణాలకు తరతరాలుగా ఉన్నాయి. దొంగ వెబ్‌సైటును మూయించడానికి ఈ పేర్లన్నిటినీ ఒకరికి రాసివ్వనక్కరలేదు.

ముందు వచ్చినవారికి ముందు అనే పాత పద్ధతి న్యాయమైనదని దీని అర్థం కాదు. ఆ పద్ధతిలో 'ముందు' రాగలిగినవారు 1990లలో ఇంటర్నెట్ అందుబాటులో ఉన్న కొద్ది దేశాలవారే. న్యూజిలాండ్ పేరున్న డాట్ కామ్ అమెరికాలోని ఒక సంస్థ చేతిలో ఉండేది. రాణి పేరు మీద ఆ ప్రభుత్వం 2002లో చేసిన ఫిర్యాదు వీగిపోయింది. మరుసటి ఏడు అయిదు లక్షల డాలర్లకు తన దేశం పేరును తానే కొనుక్కున్నది. ఫ్రాన్స్ పేరున్న డాట్ కామ్‌ను 1994లో నమోదు చేసి నడుపుతున్న వ్యాపారి నుంచి మాత్రం, ఫ్రెంచి కోర్టుల తీర్పుల తర్వాత, 2018లో ఆ పేరు పైసా పరిహారం లేకుండా ఫ్రెంచి ప్రభుత్వానికి బదిలీ అయింది. రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నియమమేదీ కనబడదు, బలం మాత్రం కనబడుతుంది.

నది పేరు

2012లో ఐకాన్ కొత్త అగ్రస్థాయి విభాగాలకు దరఖాస్తులు ఆహ్వానించింది. ఒక్కో దరఖాస్తుకు రుసుము 1,85,000 డాలర్లు. వచ్చినవి 1,930. వాటిలో ఉత్తర అమెరికా నుంచి 911, ఐరోపా నుంచి 675, ఆసియా పసిఫిక్ నుంచి 303. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలన్నీ కలిసి 24. ఆఫ్రికా ఖండమంతా 17. పేదలకోసం పెట్టిన సహాయ పథకానికి ముగ్గురు దరఖాస్తు చేయగా ఒక్కరే అర్హులయ్యారు. తరువాతి విడతకు రుసుము 2,27,000 డాలర్లకు పెరిగింది. రాయితీలు కొంత మెరుగైనా, పేర్లను వేలంపాటకు దగ్గరగా తెచ్చిన ఈ పద్ధతి మూలస్వభావం మారలేదు.

ఆ విడతలోనే అమెజాన్ సంస్థ తన పేరును అగ్రస్థాయి విభాగంగా కోరింది. బ్రెజిల్, పెరూ అభ్యంతరం చెప్పాయి. అది తమ నది పేరు, తమ అడవి పేరు, ఆ అడవిలో బతుకుతున్న ప్రజల పేరు అన్నాయి. ప్రభుత్వాల సలహాసంఘం వారి మాట విన్నది, 2014లో ఐకాన్ దరఖాస్తును తిరస్కరించింది. సంస్థ స్వతంత్ర సమీక్షకు వెళ్లింది. 2017లో సమీక్షకులు, తిరస్కరణకు సరైన ప్రజాహిత కారణం చూపలేదన్నారు. 2019లో ఆ పేరు సంస్థకు దక్కింది. అమెజాన్ పరీవాహక ప్రాంతంలోని ఎనిమిది దేశాలు చెప్పుకున్నది వృథా అయింది. సంస్థ వాదానికి ఆయువుపట్టు ఒక్కటే: ఐకాన్ నిషేధించిన భౌగోళిక నామాల పట్టికల్లో ఆ పేరు లేదు. నిజానికి నదికి ఆ పేరు కూడా అక్కడి ప్రజలు పెట్టింది కాదు, స్పానిష్ యాత్రికులు గ్రీకు పురాణకథల నుంచి తెచ్చి తగిలించింది. గ్రీకుల కథ నుంచి నదికి, నది నుంచి దుకాణానికి వచ్చిన పేరు చివరకు దుకాణం సొత్తయింది. బట్టల సంస్థ ఒకటి కోరిన పెటగోనియా పేరు మాత్రం అర్జెంటీనా, చిలీల అభ్యంతరంతో 2013లో ఉపసంహరణ పొందింది. అంత పట్టుదల, అన్ని ఏళ్ల న్యాయపోరాటపు ఖర్చు ఆ సంస్థకు అక్కరలేకపోయి ఉండవచ్చు.

తెలుగు ప్రాంతానికి ఇది దూరపు కథ కాదు. 2012 నాటి నిబంధనలు దేశాల పేర్లను, రాజధానుల పేర్లను, అంతర్జాతీయ ప్రమాణ పట్టికలోని రాష్ట్రాల పేర్లను కాపాడాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనే పేర్లకు ప్రభుత్వాల సమ్మతి కావాలి. గోదావరికి అక్కరలేదు. కృష్ణకు, తుంగభద్రకు, కోనసీమకు, రాయలసీమకు అక్కరలేదు. రాష్ట్రం నిన్నమొన్నటి పాలనా విభాగం, నది వేల ఏళ్ల మాట. పట్టిక మొదటిదానికి కంచె వేసి రెండవదానిని బయట వదిలింది.

తెలుగు లిపిలో

రోమన్ లిపి ఇరుకును తప్పించుకోవడానికి తెలుగు లిపిలోని పేర్లు మార్గమని అంటారు. అది నిజం. టాటా, తాత అన్న మాటలు రోమన్ లిపిలో ఒకటిగా కలిసిపోయినా తెలుగులో కలవవు. భ్రమకు అవకాశం తగ్గి, ఎక్కువ మందికి ఎక్కువ పేర్లు దొరుకుతాయి. అయితే పాత హక్కులు కొత్త లిపిలోకి ఎంతవరకు చొరబడాలన్నది ఇంకా తేలని ప్రశ్న. కొత్త విభాగం తెరిచినప్పుడు జనానికంటె ముందు, కనీసం 30 రోజులు, కేంద్ర పట్టికలో చేరిన ముద్రల యజమానులకు అవకాశం ఇవ్వాలని ఐకాన్ నియమం. ఏ దేశంలో, ఏ తరగతిలో నమోదైన ముద్ర అయినా, విభాగ నిర్వాహకులు వేరే పరిమితి పెట్టుకుంటే తప్ప, చాలు. పోలిక మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

పొల్లు దగ్గరే తెలుగుకు చిక్కు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో టకారం పొల్లుగా నిలవాలంటే దాని తర్వాత కంటికి కనబడని ఒక విభజక సంకేతం ఉండాలి. లేకపోతే వకారం వత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. 2003 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఆ సంకేతాన్ని తుడిచిపెట్టింది. 2010 నాటిది పొల్లు తర్వాత దానిని అనుమతించింది. అగ్రస్థాయి పేర్లలో మాత్రం నేటికీ చోటు లేదు. ఇక 'బ్యాంక్', 'బ్యాంకు'లలో ఏది ముద్ర? తెలుగు అజంత భాష కాబట్టి పరభాషాపదం చివర ఉకారం చేరడం సహజమైన మార్పు. సున్న రాసిన రూపం, అనునాసికం రాసిన రూపం ఒకటా, రెండా? శకటరేఫాన్ని సాధురేఫంతో సమానం అనుకోవాలా? అక్షరం పొల్లుపోని పోలిక పెడితే ఈ రూపాలన్నీ వేరు పేర్లవుతాయి, మోసగాళ్లకు దారి దొరుకుతుంది. పోలికను వదులు చేస్తే ఒక్క ముద్ర చుట్టుపక్కల తెలుగు మాటలన్నిటినీ మింగుతుంది. ర, జ, ఒ వంటి అక్షరాలు తెలుగులోనూ కన్నడంలోనూ దాదాపు ఒకే ఆకారంలో ఉండటం ఇంకో చిక్కు. బ్రాహ్మీ సంతతికి చెందిన తొమ్మిది లిపులకు అగ్రస్థాయి నియమాలు రూపొందించిన నిపుణుల బృందం దీనిని గుర్తించి, రెండు లిపుల సమానాకారాలను ప్రత్యామ్నాయాలుగా లెక్కించింది. అగ్రస్థాయిలో ఆ జాగ్రత్త ఉంది. వివాదాల దగ్గరికి వచ్చేసరికి, తెలుగు పేర్లు భ్రమ కలిగిస్తాయా లేదా అన్నది ఒక నిర్ణేత వ్యక్తిగత అభిప్రాయం. అతనికి తెలుగు రావాలన్న నియమం లేదు.

ఈ వ్యవస్థ ఎవరిని బయట నిలబెట్టిందో చూస్తే దాని పక్షపాతం మరింత స్పష్టమవుతుంది. పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మలు భౌగోళిక సూచికలుగా నమోదయ్యాయి. అవి ఒక వ్యక్తివి కావు, ఒక ఊరివి, ఒక పనివారి సమూహానివి. అంటే ట్రేడ్‌మార్కు కంటె ఎక్కువగా, పేరుకూ సరుకుకూ మధ్య నిజమైన సంబంధాన్ని చెప్పే హక్కులు. 2001లో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ రెండవ నివేదిక ఈ సూచికలను పరిశీలించి, ఏకరూప విధానాన్ని వాటికి విస్తరించమని సిఫారసు చేయలేదు. 2011లో షాంపేన్ ద్రాక్షసారా ఉత్పత్తిదారుల సంఘం కొలంబియా విభాగంలోని ఒక పేరుపై ఫిర్యాదు చేసి ఓడిపోయింది. భౌగోళిక సూచిక దానంతటదిగా ట్రేడ్‌మార్కు కాదన్నది కారణం. ఫ్రాన్సు మద్యం వ్యాపారులకే దొరకనిది భూదాన్ పోచంపల్లి మగ్గానికి దొరుకుతుందా? మిల్లులో అచ్చువేసిన గుడ్డను ఆ ఊరి పేరున్న వెబ్‌సైటులో అమ్మితే నేతగాడు తన సూచికను పట్టుకొని ఈ విధానం గడప ఎక్కలేడు. అదే పేరును ఒక వ్యాపారి ఏ దేశంలోనైనా ముద్రగా నమోదు చేయించుకొని వస్తే ఎక్కగలడు.

చేయదగిన మార్పులు అసాధ్యమైనవి కావు. ఫిర్యాది ముద్ర ఏ దేశానిది, ఏ సరుకుకు చెందినది అన్న విచారణ మొదటి దశలోనే జరగాలి. అక్రమ ఫిర్యాదుకు ప్రతివాది ఖర్చులు చెల్లించే నిబంధన ఉండాలి. భౌగోళిక సూచికల సంఘాలకు ఫిర్యాదు చేసే అర్హత ఇవ్వాలి. తెలుగు లిపిలోని పేర్ల విషయంలో ఇంకొకటి అవసరం. భారతదేశపు డొమైన్ నామాలకు నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ సంస్థ నిర్వహణలో వేరే వివాద పరిష్కార విధానం ఉంది. అందులో నమోదు దురుద్దేశంతో జరిగినా, వాడకం దురుద్దేశంతో జరిగినా చాలు. ఏకరూప విధానంలో రెండూ నిరూపించాలి. అంటే పేరు పోగొట్టుకోవడం ఇక్కడే ఇంకా తేలిక. 'భారత్' విభాగంలోని తెలుగు పేరు నిఘంటువులోని మాటో, ఊరి పేరో, నది పేరో, ఇంటిపేరో అయినప్పుడు ఈ సడలింపు చెల్లకూడదు. నిర్ణేత తెలుగు తెలిసినవాడై ఉండాలి. ఆ మాట వాడుక చరిత్రపై తెలుగు విశ్వవిద్యాలయ శాఖ ఒకదాని నుంచి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. అటువంటి అభిప్రాయం ఇవ్వడానికి కావలసిన సామగ్రి, అంటే ఊళ్ల పేర్లపై, ఇంటిపేర్లపై, వృత్తిపదాలపై జరిగిన పరిశోధన సిద్ధాంత గ్రంథాలు, ఆ శాఖల బీరువాలలోనే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంకా అచ్చు కాలేదు, వెతకడానికి వీలైన సూచికలు తయారు కాలేదు. నిర్ణేత అడిగిన 20 రోజుల్లో జవాబు చెప్పాలంటే ఆ పని ముందుగా జరిగి ఉండాలి.